గిల్‌క్రిస్ట్ చాచిన చెయ్యి

గనిలో ఆయన నా మేస్త్రీ. ఇంట్లో నా పెళ్ళాం తండ్రి. గుండ్లు దొర్లించే ఆట ఆడే బౌలింగ్ క్లబ్బు పచ్చిక మీద నా స్కిప్, అంటే జట్టు నాయకుడు. మనిషన్నవాడికి ఎక్కడో ఒకచోటైనా తన పైన ఎవడూ లేకుండా ఉండాలి కదా. నాకు ఎక్కడికెళ్ళినా నెత్తిమీద వాటీ డన్స్‌మ్యూరే. గని మూసేశారు, మేస్త్రీగిరీ పోయింది. పోయిందనుకునేంతసేపు కూడా పట్టలేదు, మా అత్త చనిపోయింది, ఆయన పెట్టెతో సహా మా ఇంటికొచ్చి కిటికీ పక్కన నా కుర్చీలో కూర్చున్నాడు. అందుకని పచ్చిక మీదైనా ఆ చాప నాకు దక్కాలని ఉండేది. స్కిప్ నిలబడి గుండు వేసే చాప. దాచడమెందుకు, అదొక్కటే ఉండేది నాకు.

నలుగురం ఒక జట్టు. మొదట వేసేది పోస్ట్‌మ్యాన్ ఫిన్లీ. తరవాత బేకరీ కానర్. మూడోవాణ్ణి నేను. ఆఖర్న స్కిప్. మూడోవాడంటే ఏమిటంటే, తన గుండ్లు వేసేశాక అటు చివరికి నడిచి, జాక్ అనే చిన్న తెల్ల గుండు పక్కన నిలబడి, ఎవరిది ఎంత దగ్గరగా ఆగిందో ఇటు చాప మీదున్న స్కిప్‌కి కేకేసి చెప్పేవాడు. తాడుపెట్టి కొలిచేవాడు. వంగి సుద్దగీత పెట్టేవాడు. జవాను ఉద్యోగం అనుకోండి, జీతం లేదు.

ఆ ఏడు మే నెలలో ఒక సాయంత్రం మామ గుండు తిప్పి వేశాడు.

ఇది తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మా గుండు తిన్నగా పోదు. తయారుచేసేటప్పుడే ఒక పక్కకి మొగ్గు పెడతారు. దాని పక్కన చిన్న వలయం గుర్తు ఎటుంటే అటు వంపు తిరుగుతుంది. ఆ గుర్తు లోపలివైపుకి పెట్టి వెయ్యాలన్నది క్లబ్బులో చేరిన మొదటి రోజు నేర్పుతారు. తిప్పి పట్టుకుని వేశావో, నీ గుండు జాక్‌వైపు రావడానికి బదులు బయటికి వంపు తిరిగి, పక్క వరసలో ఆడుతున్న వాళ్ళ కాళ్ళ మధ్య దూరుతుంది. కొత్తవాళ్ళు ఒకసారి చేస్తారు. ఆ ఒక్కసారికే ఏడాదంతా వాళ్ళని ఏడిపిస్తాం. నలభై ఏళ్ళు ఆడినవాడు చెయ్యడం నేను చూళ్ళేదు.

పక్క వరసలో ఆట ఆగిపోయింది. అందరూ ఆ గుండు వంక, తరవాత మామ వంక చూశారు.

"ఏం వాటీ, ఇవాళ్టి నుంచి మా జట్టులోకి వచ్చేశావా?" అన్నాడు అవతలివాడొకడు.

"వచ్చినా తీసుకోకండి, ఇదీ ఆయన ఆట!" అన్నాడు కానర్.

మామ నవ్వాడు. "మీరు మేలుకుని ఉన్నారో లేదో చూశాన్రా," అన్నాడు. అందరూ నవ్వేశారు. నేను నవ్వలేదు. ఆయన రెండో గుండు చేతిలోకి తీసుకుని, చూడకుండా, బొటనవేలితో దాని పక్కన తడుముతున్నాడు. అటు తడిమాడు, ఇటు తిప్పి తడిమాడు. అప్పుడు వేశాడు.

అప్పటికి నెలరోజులుగా ఉన్నవన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. మోకాలు నొప్పని కారు తాళాలు నాకిచ్చేశాడు. మాట్లాడితే మొహంలోకి కాకుండా చెవివంక చూసి మాట్లాడుతున్నాడు. నా పెళ్ళాం మోయ్రా టీ కప్పు అందిస్తే ముందు గాలిని పట్టుకుంటున్నాడు. "నాన్నకి ఈమధ్య పరధ్యానం ఎక్కువైంది," అనేది మోయ్రా. అమ్మ పోయిన బెంగ అనుకుంది.

ఇంటికొచ్చేటప్పుడు కారు దారిలో పక్కకి ఆపాను.

"మామా, కళ్ళకేమైంది?"

"నా కళ్ళకేం? నీ మొహం ఎంత దరిద్రంగా ఉందో చెప్పమంటావా?"

"చెప్పు. చూసి చెప్పు."

వాన సన్నగా పడుతోంది, అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"ఎటు చూస్తే అటు మధ్యలో పొగలాగా ఉంటుంది," అన్నాడు చివరికి. "చుట్టూ అంచులు బానే ఉన్నాయి. నీ చెవులు కనిపిస్తున్నాయి, అవి కనపడకపోతే ఆశ్చర్యపోవాలి. ముక్కూ మూతీ లేవు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. ఇది తిరిగొచ్చేది కాదన్నాడు. పోయేదేనట. సరే, పోనీ. ఆగస్టులో జిల్లా కప్పు అయిపోనీ, తరవాత ఏమైనా పోనీ. అందాకా నువ్వు నోరు మూసుకో. కాదు కాదు, తెరువు. జాక్ దగ్గర నిలబడి ఎక్కడ ఏముందో నోటితో చెప్పు. మిగతాది నా చెయ్యి చూసుకుంటుంది."

"నేను చెప్పేస్తేనో? క్లబ్బులో?"

ఆయన నా చెవివైపు తిరిగాడు. "చెప్పు. స్కిప్ అవుదామని అల్లుడు మామని గుడ్డివాణ్ణి చేశాడంటారు. అందరికంటే ముందు నా కూతురంటుంది."

అది నిజం. నిజం కాబట్టే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న చాప నోటిమాట దూరంలో ఉంది. ఆ మాట అన్నవాడు నేనైతే ఎవడూ నమ్మడు.

"ఒకప్పుడు నిన్ను నేను తీసుకురాలేదా, దీపం ఆరిపోతే?" అన్నాడు మెల్లిగా.

తీసుకొచ్చాడు. గనిలో చేరిన కొత్తల్లో, బడి మానేసిన ఏడాదో రెండేళ్ళో అయి ఉంటుంది, నా దీపం చచ్చిపోయింది. చెయ్యి కళ్ళముందు పెట్టుకున్నా కనపడని చీకటి. అరిచాను. ఎక్కడో దూరంనుంచి ఈయన గొంతు. "కదలకు. ఇప్పుడు నా మాట పట్టుకుని రా." అని మాట్లాడుతూనే ఉన్నాడు. ఊరికే మాట్లాడలేదు, తిట్టాడు. నా ఏనుగు చెవులూ, మా అమ్మ వండే సూపూ, నా చేతకాని పారా, ఒక్కటి వదలకుండా తిట్టాడు. రోషం పుట్టి నడిచాను. ఆ గొంతు పట్టుకుని బయటపడ్డాను. పడ్డాక ఆ గొంతు నన్ను మళ్ళీ వదల్లేదు.

కారు తీశాను.

ఆ రోజునుంచి జాక్ పక్కన నా నోరు ఆగలేదు. "మామా, జాక్‌కి అడుగు వెనక వాళ్ళది ఒకటి. ఎడమపక్క మూరెడు దూరంలో మనది. నా గొంతుమీదికి రా, బరువు కొంచెం తగ్గించు." ఆయన నా గొంతుమీదికి వేసేవాడు. ఎలా వేసేవాడో నాకిప్పటికీ తెలీదు. గుండు వంపు తిరిగి, పచ్చిక మీద ఊపిరి బిగబట్టినట్టు నెమ్మదించి, నా బూట్ల దగ్గరికొచ్చి ఆగేది. "డూగీకి ఇంత వాగుడు ఎప్పణ్ణించి?" అన్నాడు ఫిన్లీ, నన్ను చూపిస్తూ. "మామ పెట్టిన తిండి నోట్లోంచి వస్తోంది," అన్నాడు కానర్. నేనే సంపాదించి ఆయనకి పెడుతున్నానన్న సంగతి వాడికి తెలుసు. తెలిసే అన్నాడు.

గెలుస్తూ వచ్చాం. మెచ్చుకోలు స్కిప్‌కి.

జూన్‌లో పక్క ఊరి క్లబ్బుతో లీగు ఆట పడింది. వాళ్ళ స్కిప్ సాండీ గిల్‌క్రిస్ట్. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. సమ్మె అయి పదేళ్ళయినా ఆ పేరు మా ఊళ్ళో మామూలు గొంతుతో ఎవరూ పలకరు. మేమంతా గని బయట సమ్మెలో ఉంటే, రాళ్ళు తగలకుండా కిటికీలకి ఇనప వల బిగించిన బస్సులో పనిలోకి పోయినవాడు. ఏడాదిపాటు మేం సూపు గిన్నెల ముందు వరస కడితే, వాడు జీతం తీసుకున్నాడు. తరవాత ఇల్లు మార్చి పక్క ఊరికెళ్ళాడు. వాళ్ళ ఊరివాళ్ళతో ఆడినప్పుడల్లా ఆట అయ్యాక చేతులు కలపాలి. ఇష్టమున్నా లేకపోయినా కలపాలి. మా ఆటలో అది లేకుండా ఆట పూర్తికాదు. వాడి చెయ్యి పట్టుకుని వదిలేశాక ప్యాంటుకి తుడుచుకునేవాళ్ళున్నారు. కానీ పట్టుకోకుండా పోయినవాడు లేడు.

ఆ రోజు ఓడిపోయాం. గిల్‌క్రిస్ట్ నడుచుకుంటూ మామ ఎదురుగా వచ్చి చెయ్యి చాచాడు. తిన్నగా, ఎదురుగా, మధ్యలో. నేను నాలుగడుగుల వెనకున్నాను. మామ ఆ చెయ్యిమీదుగా చూస్తూ, దాన్ని దాటుకుని, సంచీ తీసుకోవడానికి బెంచీవైపు వెళ్ళిపోయాడు.

చాచిన చెయ్యి అలాగే ఉంది. గిల్‌క్రిస్ట్ మొహం ముందు ఎర్రబడింది, తరవాత పాలిపోయింది. చెయ్యి మెల్లిగా దించి జేబులో పెట్టుకున్నాడు.

మేం మా ఊరు చేరేసరికి మాకంటే ముందు ఆ కబురు చేరింది. క్లబ్బు బార్‌లోకి అడుగుపెట్టగానే ముసలి కార్మికులు లేచి నిలబడ్డారు. "వాటీ! పదేళ్ళనుంచి మాకు చెయ్యాలనుంది, నువ్వు చేశావు!" ఒకడు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. ఒకడికి కళ్ళల్లో నీళ్ళు. మామకి ముందు అర్థంకాలేదు. ఆయన తల ఇటూ అటూ తిరిగింది. "ఆ ద్రోహి మొహం చూడాల్సింది!" అన్నాడెవడో. అప్పుడు అర్థమైంది ఆయనకి. అర్థమైన క్షణం నేను చూశాను. నోరు తెరవబోయాడు. చేతిలో గ్లాసు పెట్టారు. నోరు మూసుకుని తాగాడు.

ఆ నెలంతా ఆయన కాలు కింద పెట్టనివ్వలేదు జనం. కటికవాడు మాంసం తూకంలో మొగ్గు చూపించాడు. మోయ్రా తల ఎత్తుకుని తిరిగింది. కనపడక దాటేసిన ఒక చెయ్యి మా మామని ఊరి వీరుణ్ణి చేసింది. సమ్మెలో ఏడాదంతా నేనూ నిలబడ్డాను. గేటు దగ్గర మంచులో పోలీసుల చేత వీపుమీద తన్నులు తిన్నాను. నాకెవడూ గ్లాసు అందించలేదు.

జిల్లా కప్పులో వరసగా గెలిచి ఫైనల్‌కి వచ్చాం. అవతలినుంచి గెలిచి వచ్చింది గిల్‌క్రిస్ట్ జట్టే. ఆట మా పచ్చికమీదే.

జూలై చివర ఒక ఆదివారం క్లబ్బు అధ్యక్షుడు కెండ్రిక్ మా ఇంటికొచ్చాడు. మంచివాడే, గొడవలంటే కడుపులో నొప్పి వస్తుంది. మోయ్రా చేసిన స్కోన్ రొట్టె ఒకటి తీసుకుని, తినకుండా పిండుతూ కూర్చున్నాడు.

"జిల్లావాళ్ళ దగ్గర గిల్‌క్రిస్ట్ క్లబ్బువాళ్ళు ఫిర్యాదు చేశారు వాటీ. ఆటకి ముందు అందరి ఎదటా చేతులు కలిపితేనే ఫైనల్. లేకపోతే కప్పు వాళ్ళకి ఇచ్చేస్తారు."

"మా నాన్న ఆ చెయ్యి ముట్టుకోడు," అంది మోయ్రా.

"అమ్మా, నేను వాడి తరఫున రాలేదు..."

"ఏ తరఫునైనా సరే. కప్పు కోసం ఆయన పరువు అమ్ముకోమంటున్నారా?"

కెండ్రిక్ నావంక చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నాలుక కొసమీద ఉంది మాట. పరువూ కాదు పాడూ కాదు, మీ నాన్నకి ఆ చెయ్యి కనపడలేదు అని. అంటే అంతటితో అయిపోతుంది. ఫిర్యాదూ పోతుంది, వీరత్వమూ పోతుంది, చాపా పోతుంది. చాప ఎవరికొస్తుందో కూడా తెలుసు. మామ గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది. నేను అనబోతున్నానని ఆయనకి తెలిసిపోయింది.

"కలుపుతాను," అన్నాడు.

మోయ్రా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు కొట్టుకున్న చప్పుడు.

ఆ సాయంత్రం మామ నన్ను పెరట్లో షెడ్డులోకి పిలిచి తలుపేశాడు.

"ఒరేయ్, నువ్వు గిల్‌క్రిస్ట్‌వి."

"ఏమిటీ?"

"నిలబడు అక్కడ. వాడు పొట్టివాడు, కాస్త మోకాళ్ళు వంచు. చెయ్యి చాచు."

అర్థమైంది. వంగి నిలబడి చెయ్యి చాచాను. ఆయన చెయ్యి వచ్చి నా పొట్టమీద గుచ్చుకుంది. రెండోసారి మోచెయ్యి తగిలింది. "వాడి భుజాలు కనపడతాయి కదా, అక్కణ్ణించి లెక్కేసుకో," అన్నాను. "చెప్పావులే," అన్నాడు. చెమట పట్టింది ఆయనకి. ఎన్నోసారో చెయ్యి చేతిలో పడింది. బొగ్గు నీలి మచ్చలున్న గట్టి చెయ్యి. పట్టుకుని ఒక్క క్షణం అలాగే ఉండిపోయాం ఇద్దరం. నా పెళ్ళినాడు కూడా ఆయన నాకు చెయ్యివ్వలేదు. వెధవ పని, ఇన్నేళ్ళకి పట్టుకుంటే గిల్‌క్రిస్ట్ వేషంలో పట్టుకున్నాను.

"చాల్లే వదులు," అన్నాడు.

ఫైనల్ రోజు గట్లనిండా జనం. తెల్ల బట్టల్లో మేం, గొడుగులు చంకలో పెట్టుకుని వాళ్ళు. మా ముసలి కార్మికులంతా ఒక మూల, నిలబడి ఉన్నారు. మోయ్రా క్లబ్బు గుమ్మంలో శాండ్‌విచ్‌ల పళ్ళెం పట్టుకుని అలాగే ఆగిపోయింది. 

గిల్‌క్రిస్ట్ వచ్చి నిలబడ్డాడు. చేతులు కిందికి వేలాడేసుకుని ఉన్నాడు. ఈసారి ముందు నేను చాచను అన్నట్టు. మేం షెడ్డులో సాధన చేసినదంతా ఎదటివాడు చాచినదాన్ని పట్టుకోవడం. ఎదటివాడు చాచకపోతే ఏం చెయ్యాలో అనుకోలేదు.

మామ కాసేపు చూసి తనే చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి గిల్‌క్రిస్ట్‌కి కాదు, వాడి పక్కన గాలికి. ఒక అడుగు పక్కకి, ఎవరూ లేనిచోటికి.

గిల్‌క్రిస్ట్ ఆ చేతివంక చూశాడు. మామ మొహంలోకి చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది నాకు. తరవాత బూటు ఎత్తకుండా, పచ్చికమీద జరిపి, అర అడుగు పక్కకి జరిగాడు. ఇంకో అర అడుగు. ఆ చెయ్యి ఉన్నచోటికి వచ్చి దాన్ని పట్టుకున్నాడు.

గట్టుమీదినుంచి చూసేవాళ్ళకి ఇద్దరు మనుషులు చేతులు కలిపారు, అంతే. మూలనున్నవాళ్ళలో ఒకడు తుపుక్కున ఉమ్మాడు. ఇద్దరు ముగ్గురు వీపు తిప్పేసుకున్నారు. మొన్నటిదాకా గ్లాసులు అందించినవాళ్ళే.

చెయ్యి కలిపాడు కదా అని గిల్‌క్రిస్ట్ ఆటలో కనికరించాడనుకోకండి. తెలిసిపోయింది వాడికి. తెలిసి, తనవంతు వచ్చినప్పుడల్లా జాక్‌ని ఒకసారి ముక్కుకింద వేయించాడు, ఒకసారి అవతలి గట్టుదాకా వేయించాడు. దూరం అలవాటు కానివ్వకుండా. నేను గొంతు చించుకున్నాను. "ఇంకా దూరం మామా, ఇంకా!" "దగ్గరికి, చాలా దగ్గరికి!" వెనకబడ్డాం, అందుకున్నాం, మళ్ళీ వెనకబడ్డాం. ఆఖరి విడత వచ్చేసరికి సమానం.

ఆ విడతలో నా రెండో గుండు కాస్త బరువుగా పోయింది. పోయి జాక్‌ని గుద్ది, దాంతోపాటు చివరనున్న కాలవలో పడింది. అటువైపు జాక్ దగ్గర నిలబడ్డవాడు మామ. ఎవరూ నోరు విప్పకముందే, "తగిలింది! టక్కుమంది, విన్నాను!" అన్నాడు. జాక్‌ని తాకిన గుండు కాలవలో పడ్డా బతికున్నట్టే. గిల్‌క్రిస్ట్ తల ఊపాడు, "తగిలింది." అంటే కాలవలో జాక్ పక్కన మూరెడు దూరంలో పడున్న నా గుండుదే అప్పటికి పైచెయ్యి. ఇంక స్కిప్‌లిద్దరే మిగిలారు.

కాలవలో ఉన్న జాక్ చాప దగ్గరినుంచి ఎవరికీ కనపడదు. గిల్‌క్రిస్ట్‌కీ కనపడదు. గట్టుమీద గుర్తుకి చిన్న తెల్ల పలక పెడతారు, దాన్ని చూసి ఊహించుకుని వెయ్యాలి. 

నేను ఇటునుంచి అటు, మామ అటునుంచి ఇటు నడుస్తూ దారి మధ్యలో ఎదురయ్యాం. ఆయన ఆగాడు.

"ఇప్పుడు వాడూ నాలాంటివాడే," అన్నాడు. "మాట్లాడరా. గుండు నా చెయ్యి వదిలేదాకా ఆపకు."

ఆయన మొదటి గుండు పలకకి పక్కగా దొర్లి కాలవలో పడి చచ్చింది. గిల్‌క్రిస్ట్ మొదటిది ఓరగా పోయింది. మామ తన ఆఖరి గుండు తీసుకుని బొటనవేలితో తడిమాడు.

"ఇక్కడున్నాను మామా," అని మొదలుపెట్టాను. "జాక్ నా బూట్లకింద. నా గుండు పక్కనే. దీన్ని కాపాడాలి, అంతే. వాడు నీ కుడిచేతివైపునుంచి తిప్పుకుని వస్తాడు. ఆ దారికి అడ్డంగా, రెండు గజాల ఇవతల ఆపు." చెప్పాల్సింది అయిపోయింది. ఆయన ఇంకా వంగలేదు, వింటున్నాడు. నేను ఆపకూడదు. "మామా, కిటికీ పక్క కుర్చీ నాది. నీది కాదు, నాది. పొద్దున్నే ఈల వేస్తావే, ఆ పాట నువ్వు ఎన్నడూ సరిగా వెయ్యలేదు, ఇంట్లో అందరికీ తెలుసు. మాంసం రొట్టె ముక్కలో పైపొర నువ్వు తినేసి అడుగు నాకు తోస్తావు..." గట్టుమీద నవ్వులు మొదలయ్యాయి. "ఏమిటీ గోల?" అన్నాడు వాళ్ళ మూడోవాడు అంపైర్‌తో. "మాట్లాడటం వాడి పనే," అన్నాడు అంపైర్. "మా అమ్మ సూపు బానే ఉండేది మామా! నీ కూతురి సూపుకంటే బానే ఉండేది! నా చెవులు..."

ఆయన వంగి వదిలాడు.

గట్టుమీద నవ్వు ఆగి, 'అయ్యో' అని వినపడింది. గుండు చాలా తక్కువ బరువుతో వచ్చింది. పలకకి రెండు గజాల ఇవతలే ఊగి, ఊగి, పక్కకి ఒరిగి ఆగిపోయింది. చూసేవాళ్ళకి చేతకాక పడిన గుండు. నేను నిలబడ్డచోటునుంచి చూస్తే అది గిల్‌క్రిస్ట్ దారి నడిమధ్యలో ఉంది.

గిల్‌క్రిస్ట్ వేశాడు. అందమైన గుండు. వంపు తిరిగి కాలవ అంచుకి వస్తూ వస్తూ మామ గుండు చెంపని రాసుకుని పక్కకి తప్పుకుంది. మాది గెలుపు.

కావాలనే అక్కడ ఆపానంటాడు మామ. ఇప్పటికీ అంటాడు.

జనం పచ్చిక అంచుదాకా వచ్చేశారు. గిల్‌క్రిస్ట్ టోపీ తీసి మామవైపు నడిచాడు, చెయ్యి చాచాడు. అప్పుడు మూలనుంచి ఒక గొంతు లేచింది. "వద్దు వాటీ! కప్పు మనదైపోయింది! ఇప్పుడక్కర్లేదు!" ఇంకో గొంతు, "జూన్‌లో చేసిందే మళ్ళీ చెయ్యి!" తరవాత చాలా గొంతులు. ఉమ్మినవాడు కూడా నవ్వుతున్నాడు. పొద్దున కలిపింది కప్పు కోసం, ఇప్పుడు దాటుకుని పోతే పొద్దుటిదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆయన చెయ్యాల్సిందల్లా నడుచుకుంటూ పోవడం. అది కళ్ళున్నా లేకపోయినా ఆయనకి తేలిక.

మామ నిలబడ్డాడు. తల కొంచెం వంచి వింటున్నాడు. నేనూ నోరు విప్పలేదు.

"సాండీ," అన్నాడు. గొంతు గనిలో గొంతే, గట్లన్నిటికీ వినపడింది. "నీ చెయ్యెక్కడుందయ్యా? నాకు కనపడదు. జూన్‌లో కూడా కనపళ్ళేదు."

గుమ్మంలో పళ్ళెం చప్పుడైంది.

"తెలుసు," అన్నాడు గిల్‌క్రిస్ట్. "పొద్దున తెలిసింది." వచ్చి తనే చెయ్యి పట్టుకున్నాడు.

"పొద్దున నువ్వు జరిగావు. బూటు చప్పుడు విన్నాను. తెలిసే దూరం మార్చి మార్చి చంపావు కదరా, వెధవా!"

"మరి? కప్పు కదా," అన్నాడు గిల్‌క్రిస్ట్.

మామ నవ్వాడు. వాడూ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. కప్పు ఇచ్చేటప్పుడు చప్పట్లు కొట్టారు, కొట్టాలి కాబట్టి. ముసలి కార్మికులు టోపీలు పెట్టుకుని ఇళ్ళకిపోయారు. జూన్‌లో తాము నిలబడి చెయ్యి ఊపింది దేనికో వాళ్ళకిప్పుడు తెలిసింది. అది తెలియజెప్పినందుకు ఆయన్ని క్షమించలేదు. కటికవాడి తూకం సర్దుకుంది.

ఇంటికెళ్ళాక మోయ్రా నన్ను అడిగింది. "నీకెప్పణ్ణించి తెలుసు?"

"మే నుంచి."

అంతే. మాట్లాడటం మానేసింది. ఆయనతో కాదు, నాతో. ఆయనకి డాక్టరు, చుక్కల మందు, కొత్త దీపం, కుర్చీ పక్కన చిన్న బల్ల. నాకు అన్నీ చల్లారినవే. ఇంట్లో నలుగురైదుగురి మాటలు ఒక్కడే మాట్లాడే ఆ ముసలాయన లేకపోతే ఆకులు రాలే కాలమంతా ఆ ఇంట్లో గడియారం చప్పుడే. ఒకనాటి పొద్దున అంతవరకూ మాట్లాడనిది, టీ పోస్తూ, "చెబితే నేను నమ్మేదాన్ని కాదులే," అంది. నేను కప్పు తీసుకున్నాను. 

మరుసటి ఏప్రిల్‌లో క్లబ్బు గోడమీద జట్ల పేర్లు అంటించారు. స్కిప్ డూగల్ లోగన్. నేనే. చాప నాకొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ నన్ను భుజం తట్టనూలేదు.

మామ కాలవ పక్కన బెంచీమీద కూర్చుంటాడు. చూపుకి మిగిలిన అంచులు కూడా పోయాయిప్పుడు. గిల్‌క్రిస్ట్ అప్పుడప్పుడు వస్తాడు, పక్కన కూర్చుని ఏదో గొణుగుతాడు, ఇద్దరూ పోట్లాడుకుంటారు. వాడు రాని రోజున నేను గుండు వేసి నడిచి వచ్చేసరికి ఆ గొంతు సిద్ధంగా ఉంటుంది.

"ఒరేయ్, దీపం ఆరిపోయింది. ఏమైంది? ఎక్కడాగింది? మాట్లాడు."

చెబుతాను. ఎవరిది ముందు, ఎవరిది వెనక, ఎంత దూరం, అన్నీ ఉన్నదున్నట్టు. కానీ ఒక్కోరోజు ఆయన మరీ డీలాపడి కూర్చుంటాడు, టీ కూడా వద్దంటాడు. అలాంటప్పుడు నా గుండు జాక్‌ని ఆనుకుని ఆగినా సరే, బెంచీ దగ్గరికెళ్ళి, "కాలవలో పడింది మామా," అంటాను.

ఆయన వెన్ను నిటారుగా లేస్తుంది. మొహం వెలిగిపోతుంది.

"చెప్పానా! నీ చేతికి చాప ఇచ్చినప్పుడే చెప్పాను! నేనైతేనా..." అని మొదలుపెడతాడు. చీకటిపడేదాకా ఆపడు.